గోదురుకప్పలకు ఇచ్చిన వంతు

పోలేరయ్య నోరు విప్పాడంటే అంతకు ముందే ఏదో ఒకటి మునిగిపోయి ఉండాలి. పడవో, ఇల్లో, ఊరి పరువో. మామూలు రోజుల్లో ఆయన నోరు తెరిచేది అన్నానికీ బీడీకీ మాత్రమే. కోవూరు నుంచి బదిలీ మీద కొంగలపాళెం బడికి వచ్చిన కొత్తలో నేను ఆయన్ని మూగవాడనుకుని చాలా రోజులు చేతులతో సైగలు చేసి మాట్లాడాను. ఆయన కూడా మర్యాదగా సైగలతోనే జవాబు చెప్పేవాడు. ఆయనకు మాటలు వచ్చునని బడిలో వంట చేసే ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కొంగలపాళెం పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. రొయ్యా చేపా పట్టి సూళ్లూరుపేటలో అమ్ముకుని బతికే పల్లె. సరస్సులో వేట ఎవరికి తోచినట్టు వాళ్లు చెయ్యడానికి లేదు. ఏ తావులో ఎవరు ఏ రోజు వల వెయ్యాలో కులకట్టు ప్రకారం వంతులు ఉంటాయి. పెళ్లయిన మగవాడికి ఒక వంతు. పెళ్లి కాకపోతే మీసాలు నెరిసినా వంతు లేదు. వంతు ఉన్నవాడికే పోలేరమ్మ గుడి ముందర ఇసుకలో కూర్చునే హక్కు, మాట్లాడే హక్కు. వంతు ఉన్నవాడి నివాసాన్ని వాడు ఒప్పుకోకుండా ఊరంతా ఏకమైనా కదిలించకూడదు. వంతు లేనివాడు వెనక ఆడవాళ్ల దగ్గర నిలబడి చూడాలి. నేను ఇన్నేళ్లుగా ఆడవాళ్ల దగ్గరే నిలబడుతున్నాను. నాకు పెళ్లయిందని చెప్పినా లాభం లేకపోయింది.

పోలేరయ్య భార్య పేరు ముసలమ్మ. ఆ పేరు ఆమెకు పుట్టినప్పుడే పెట్టారు గనక వయసుతో దానికి సంబంధం లేదు. ఆమె పుట్టిల్లు దొరవారిసత్రం వైపు. అక్కడివాళ్లు మంచినీళ్ల చెరువుల్లో వల వేసేవాళ్లు. కాపురానికి వచ్చిన రోజు ఆమె అత్తగారిచ్చిన నీళ్లు ఒక గుక్క తాగి, గుమ్మం బయట ఉమ్మేసి, "ఈ ఉప్పునీళ్లతో నేను కాపరం చెయ్యలేను, మా ఊరికి పోతా" అన్నదట. పోలేరయ్య పార తీసుకుని ఊరి వెనక ఇసుకదిబ్బ అవతలికి పోయి తవ్వడం మొదలుపెట్టాడు.

మా తీరంలో అలాంటి గుంటను దొరువు అంటారు. ఇసుకలో పడిన వాననీరు ఉప్పునీటి పైన తేలి ఉంటుంది. కొంచెం తవ్వితే తియ్యటి నీళ్లు, ఆశపడి ఇంకా తవ్వితే ఉప్పునీళ్లు. పోలేరయ్య సరిగ్గా తియ్యటి నీళ్ల దగ్గర ఆగాడు. ఎట్లా తెలిసిందని అడిగాను. "అలుపొచ్చింది అయ్యోరా" అన్నాడు. అంతే, ముసలమ్మ ఆ నీళ్లు తాగి కాపురం చేసింది. పిల్లలు కలగలేదు. చీటికీ మాటికీ, పులుసులో ఉప్పెక్కువైందంటే కూడా, మా ఊరికి పోతా అని బెదిరించడం మాత్రం మానలేదు.

ఆ దొరువులోకి గోదురుకప్పలు వాటంతట అవే వచ్చాయి. మామూలు గోదురుకప్ప కంటే చిన్నవి. చింతగింజ రంగు ఒళ్లు, వీపు మీద సున్నపు గీత గీసినట్టు ఒక చార. తొలకరి వానలకు అవి అరిస్తే పాత కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉంటుంది. ముసలమ్మ కడవ ముంచే ముందు వాటిని చేతి వెనకతో పక్కకు తోసి, "జరగండమ్మా, కడవ ముంచుకోవాల" అనేది. మొగుడితో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడగా నేను వినలేదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. సరస్సు అంచులు పగిలి తెల్లటి ఉప్పు పేరుకుంది. ఊరు కప్పల పెళ్లి చెయ్యాలని తీర్మానించింది. వేరే కప్పలు ఎక్కడా దొరకలేదు గనక దొరువులోంచే రెంటిని పట్టుకొచ్చారు. ఉత్తరపు గట్టున దొరికింది పెళ్లికూతురు, దక్షిణపు గట్టున దొరికింది పెళ్లికొడుకు అనుకున్నారు. అంతకు మించి ఎవరూ పరిశీలించలేదు. దొరువు తవ్వినవాడని పోలేరయ్యనూ ముసలమ్మనూ పెళ్లికొడుకు తల్లిదండ్రులుగా నిలబెట్టారు. కులపెద్ద కామాక్షయ్య పెళ్లికూతురి తండ్రిగా పీట మీద కూర్చున్నాడు.

కామాక్షయ్యకు ముగ్గురు కొడుకులు. ఆడపిల్ల లేదు. కన్యాదానం చేసే యోగం తనకు లేదని ఆయనకు లోపల బాధ ఉండేది. పళ్లెంలో కప్పను పెట్టి, కాళ్లు కడిగి, ఊరందరి ముందర దానం చేశాడు. కప్పకు మెడ ఉండదు గనక పసుపుతాడు నడుముకు కట్టారు. అప్పగింతల పాట ఎత్తుకునేసరికి కామాక్షయ్య పైపంచెతో కళ్లు తుడుచుకుంటూ, "పిల్ల నోరులేనిది, జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నేను దగ్గరగా నిలబడి చూశాను, అవి నిజమైన కన్నీళ్లే.

తరవాత తాడు విప్పి కొత్త దంపతులను దొరువులో వదిలేశారు. వాన పడింది. మామూలుగా పడలేదు, మా బడి పైకప్పు రేకులు తీసుకెళ్లి సరస్సులో పడేసింది. నేను ఫిర్యాదు చేస్తే, "పెళ్లన్నాక కొంచెం నష్టం ఉంటాది అయ్యోరా" అన్నాడు కామాక్షయ్య.

ఆ మరుసటి ఏడు విజయకుమారి గారు వచ్చారు. నెల్లూరులో కాలేజీ లెక్చరరు, జంతుశాస్త్రం. అందరిలాగే ఫ్లెమింగోలను చూడ్డానికి వచ్చి, దారి తప్పి దొరువు గట్టున జారి కూర్చున్నారు. ఒళ్లోకి ఒక కప్ప ఎగిరింది. అప్పటినుంచి ఆవిడకు ఫ్లెమింగోలు కంటికి ఆనలేదు. నెలల తరబడి వచ్చిపోయి చివరికి తేల్చి చెప్పారు. ఈ జాతి తను చూసిన ఏ పుస్తకంలోనూ లేదట. తీరం పొడుగునా వెతికితే ఈ దొరువులో తప్ప ఇంకెక్కడా కనిపించలేదట. మిగతా దొరువులన్నీ రొయ్యల గుంటల ఉప్పు ఊరి చచ్చిపోయాయట. ఊరు ఆ మాట శ్రద్ధగా విన్నది. "మా కప్పలు పుస్తకంలో లేవంటే రాసినోళ్లు ఈ పక్క రాలేదేమోలే మేడమ్" అని కామాక్షయ్య ఆవిడను ఓదార్చి టీ ఇప్పించాడు.

ఇక సుకుమార్ సంగతి. నెల్లూరు మనిషి, మా ఊరి పక్కనే రొయ్యల గుంటలు తవ్వించాడు. వాటికి సరస్సునుంచి ఉప్పునీరు తీసుకుపోవడానికి కాలువ కావాలి. దగ్గరి దారి దిబ్బ కోసి, దొరువు పూడ్చి, దాని మీదుగా. అందుకు బదులుగా ఊరికి కల్యాణ మండపం కట్టిస్తానన్నాడు. కామాక్షయ్య పెద్దకొడుకు ప్రసాద్ ఆ కాలువ పని ఒప్పుకున్నాడు. మండపం గోడకు తన పేరున్న నల్లరాయి పెడతారని విన్నాక కామాక్షయ్యకూ అది ధర్మకార్యంగానే తోచింది.

ఈ కబురు విన్న రోజు ముసలమ్మ "మా ఊరికి పోతా" అనలేదు. సాయంత్రం దాకా దొరువు గట్టున ఊరికే కూర్చుంది. పోలేరయ్య ఆమెను దూరంనుంచి చూసి, తిన్నగా బడికొచ్చి నా ముందర నిలబడ్డాడు.

"ఆమెను ఈ ఊళ్లో పట్టి ఉంచింది ఆ నీళ్లు అయ్యోరా. నేను గాదు," అన్నాడు.

అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదలు. నేను కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు. ఆయన ముఖంలో భయం చూశాను. సరస్సులో గాలివానకు పడవ తిరగబడినప్పుడు కూడా ఆ ముఖం అలా లేదని ఊళ్లో వాళ్లు అంటారు.

పోలేరమ్మ గుడి ముందర సభ కూడింది. మొగవాళ్లు ఇసుకలో గుండ్రంగా కూర్చున్నారు. సుకుమార్ మండపం బొమ్మ చూపించాడు. బొమ్మలో మా ఊళ్లో లేని కొబ్బరిచెట్లు కూడా ఉన్నాయి. దొరువు ఉన్న జాగా ఎవరి వంతూ కాదు, ఊరి ఉమ్మడి. ఉమ్మడి గనక ఎక్కువమంది మాట చెల్లుతుంది. చాలామంది తలలూపారు. అప్పుడు పోలేరయ్య లేచాడు.

"ఆ దొరువులో ఉండేటివి మాట్లాడాల గదా," అన్నాడు.

"కప్పలకు వంతుందా, మాట్లాడేదానికి?" అన్నాడు ప్రసాద్.

"పెళ్లయినోడికి వంతు. మూడేండ్ల కిందట వాటికి మనమే పెళ్లి చేసినాం. మీ నాయనే కాళ్లు కడిగినాడు."

సభ మొత్తం కామాక్షయ్య వైపు తిరిగింది. కామాక్షయ్య మీసం దువ్వుకున్నాడు. కట్టు ఆయన తాతల నాటిది, కాదనడానికి లేదు. పెళ్లి తన చేతుల మీదుగా జరిగింది, అదీ కాదనడానికి లేదు. సుకుమార్ ముందు నవ్వాడు. ఎవరూ తనతో కలిసి నవ్వకపోవడం గమనించి ఆపేశాడు. ఈ ఊళ్లో దేన్ని ఆటగా తీసుకోవాలో దేన్ని చట్టంగా తీసుకోవాలో తెలియాలంటే చాలా ఏళ్లు ఉండాలి.

ప్రసాద్ తెలివైనవాడు. నా పక్కనే నిలబడి ఉన్న విజయకుమారి గారిని ముందుకు పిలిచి, తన సెల్లులో ఉన్న పెళ్లి వీడియో ఆవిడకు చూపించాడు.

"మేడమ్, మీరు చదువుకున్నోళ్లు. ఈ రెండిట్లో ఏది మొగది, ఏది ఆడది?"

ఆవిడకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఉంటే ఆ రోజు బాగుండేది. వీడియోను రెండుసార్లు చూశారు. పెద్దది చేసి చూశారు.

"రెంటికీ గొంతు కింద పసుపు రంగుందండీ. ఆ రంగు మగవాటికే ఉంటుంది," అన్నారు నెమ్మదిగా. "రెండూ మగవే."

తాను కళ్లనీళ్లతో అప్పగించిన కూతురు మగవాడని ఊరందరి ముందర తెలిసిన తండ్రి ముఖం ఎలా ఉంటుందో నేను అదే మొదటిసారి చూడటం. ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. కామాక్షయ్య తల వంచుకుని ఇసుకలో వేలితో గీతలు గీశాడు. నాకు నిజంగా జాలేసింది.

"అయితే పెళ్లి చెల్లదు. పెళ్లి చెల్లకపోతే వంతూ లేదు," అన్నాడు ప్రసాద్.

అప్పుడు మా ఆడవాళ్ల గుంపులోంచి ముసలమ్మ గొంతు లేచింది. ఆడవాళ్లు సభలో మాట్లాడకూడదు. ఆమె సభతో మాట్లాడలేదు, గుడి వైపు తిరిగి పోలేరమ్మతో మాట్లాడింది.

"అమ్మా, ఆ పెళ్లి చూసి నువ్వు వాన ఇచ్చినావా లేదా? ఇచ్చినావు. మొగదో ఆడదో నీకు తెలవదా? తెలిసే ఇచ్చినావు. నువ్వు ఒప్పుకున్న పెళ్లి వీళ్లు చెల్లదంటుండారు. అయితే ఆ వాన యాడికి తిరిగిచ్చేదో అడుగు తల్లీ."

ఆ వానకు నిండిన గుంటల నీళ్లతోనే అందరూ ఆ ఏడు బతికారు. పెళ్లి చెల్లుతుందని పెద్దలు గొణుక్కున్నారు. కానీ వంతు దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. సరస్సులో తావులు ఎన్నో అన్నే. కొత్త వంతు పుట్టిస్తే అందరి వంతూ వెనక్కి జరుగుతుంది. కప్పల మీద దయ ఉన్నవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి చూపు పక్కకు తిప్పుకున్నారు. ఎవరైనా తమది వదులుకుంటే తప్ప ఇవ్వడానికి వంతు లేదని కామాక్షయ్య తేల్చాడు. తేల్చేటప్పుడు ఆయన గొంతులో కొంచెం ఊరట కూడా వినిపించింది.

"నాది ఇచ్చినా," అన్నాడు పోలేరయ్య.

"తెలిసే అంటుండావా? వంతు పోతే మాటా పోతాది," అన్నాడు కామాక్షయ్య.

"మాటతో నాకేం పని," అన్నాడు పోలేరయ్య. లేచి, పంచెకు అంటిన ఇసుక దులుపుకుని, గుండ్రంలోంచి బయటికి నడిచి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పుడు పెళ్లయిన మర్నాటినుంచీ ఆయన కూర్చున్న చోటు అక్కడ ఖాళీగా కనిపించింది. ఆ చోటు వైపు ఆయన రెండోసారి చూడలేదు. నేను చూశాను.

దొరువు ఇప్పుడు వంతు ఉన్నవాళ్ల నివాసం. వాళ్లు ఒప్పుకోకుండా కదిలించకూడదు. "పోయి అడుక్కోండి సార్" అన్నాడు కామాక్షయ్య సుకుమార్‌తో. సుకుమార్ నిజంగానే దొరువు దాకా వెళ్లి చూశాడు. ఎండాకాలం, కప్పలు ఇసుకలో దూరి ఉన్నాయి. తొలకరికి గానీ పలకవని విజయకుమారి గారు వివరించారు. ఆయన కారెక్కుతూ ప్రసాద్‌తో, ఏడాది ఆగుదాం అన్నాడు. ఎందుకు ఆగుదామన్నాడో మాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజు ఇంట్లో ముసలమ్మ మొగుణ్ణి వీధి వీధంతా వినేలా తిట్టింది. వంతు లేని మొగుడితో కాపరం చేసే కర్మ తనకేందని, రేపే బస్సెక్కి మా ఊరికి పోతానని. పోలేరయ్య గుమ్మంలో కూర్చుని బీడీ తాగుతూ అంతా విన్నాడు. ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఉండటం నేను చాలాకాలం తరవాత చూశాను. మర్నాటినుంచి ఇతరుల పడవల్లో కూలికి పోయాడు. కప్పల వంతు వచ్చిన రోజు ఆ తావులో ఎవరూ వల వెయ్యలేదు. ఆయన ఒడ్డున నిలబడి ఆ ఖాళీ నీళ్లను చూసి, ఇంటికి పోయాడు.

సుకుమార్ ఎందుకు ఆగాడో పోలేరమ్మ జాతర అయ్యాక తెలిసింది. ఏటా జాతర మర్నాడు కులపెద్ద వంతులవాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తాడు. పిలిచినప్పుడు మనిషి పలకాలి. మనిషి ఊళ్లో లేకపోతే దగ్గరి బంధువు పలకాలి. ఎవరూ పలక్కపోతే ఆ వంతు రద్దయి ఉమ్మడిలో కలిసిపోతుంది. పోలేరయ్య తానే పలకవచ్చునని ఏడాదంతా ధీమాగా ఉన్నాడు. వంతు వదులుకున్నవాడికి సభలో నోరు లేదన్న సంగతి, దాన్ని తానే వదులుకుని కూడా, ఆయనకు తట్టలేదు. ఆ ఉదయం ప్రసాద్ నవ్వుతూ చెబితే తెలిసింది. ఆయన ముఖం తెల్లబోయింది. విజయకుమారి గారు నా చెయ్యి పట్టుకుని, "మాస్టారూ, ఇప్పుడేం చేస్తారు?" అన్నారు. నాకేం తెలుసు.

కామాక్షయ్య పేర్లు పిలుస్తూ పోయాడు. ఒక్కొక్కరూ "ఉండా" అంటూ వచ్చారు. ఏడాదిగా ఊళ్లో కుర్రాళ్లు ఆయన్ను, మీ అమ్మాయికి మీసాలొచ్చినాయా పెదనాయనా అని ఏడిపించారు. ఆ గోదురుకప్పల పేరెత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు ఆ పేరు పిలవక తప్పలేదు.

"గోదురుకప్పల వంతు," అన్నాడు.

ఎవరూ పలకలేదు. నా పక్కన పోలేరయ్య నోరు తెరిచాడు. కామాక్షయ్య చెయ్యెత్తి ఆపాడు.

"వంతు లేనోడు మాట్లాడగూడదు."

ముసలమ్మ ఈసారి పోలేరమ్మను కూడా పిలవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"పలకలేదు నాయనా. ఇంక రద్దే," అన్నాడు ప్రసాద్.

కామాక్షయ్య కొడుకు వైపు చూశాడు. తరవాత దిబ్బ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నా బిడ్డ వంతు అది. నేను పలుకుతుండా," అన్నాడు.

"నాయనా, అది మొగది."

"ముగ్గురు కొడుకులుండారు. నలుగురనుకుంటా. కాళ్లు కడిగి ఇచ్చినా, ఏడ్చినా. ఏడ్చింది అబద్ధమా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రసాద్ తల దించుకున్నాడు. కామాక్షయ్య పైపంచెతో ముఖం తుడుచుకుని, మా వైపు తిరిగాడు.

"వంతు ఇద్దరిది. పిల్ల తరఫున నేనుండా. పిల్లోడి తరఫున ఎవురు?"

ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో అందరికీ అర్థమైంది, పోలేరయ్యకు తప్ప. ఆయన నిలబడే ఉన్నాడు. ముసలమ్మ వెనకనుంచి ఆయన వీపు మీద చెయ్యేసి ముందుకు నెట్టింది.

"వియ్యంకుడా, ఆడోళ్లలో నీకేం పని? వచ్చి ఇట్టా కూర్చో," అన్నాడు కామాక్షయ్య, తన పక్కన ఇసుక సర్దుతూ.

పోలేరయ్య వెళ్లాడు. కూర్చునేటప్పుడు వియ్యంకుడి భుజం పట్టుకున్నాడు. నా కళ్లు చెమర్చాయి. పక్కన విజయకుమారి గారు బాహాటంగానే ఏడుస్తున్నారు. కామాక్షయ్య ఆ వంతును మళ్లీ మొదటినుంచి పిలిచాడు.

"ఉండాం," అన్నాడు పోలేరయ్య.